పాసుపుస్తకం లేనివాడికి పూచీ ఎవరు?

కోర్టు బెయిల్ ఇచ్చాక కూడా పేదవాడు జైల్లోనే ఎందుకు ఉండిపోతున్నాడు? ఏజెన్సీ నుంచి కొల్లేరు దాకా భూమి ఎవరి పేరున, ఏ షరతుల మీద ఉందో చూస్తే జవాబు దొరుకుతుంది.

దినపత్రికలో క్రైమ్ వార్త చివర తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: పదివేల రూపాయల చొప్పున ఇద్దరి పూచీకత్తుపై నిందితుడికి బెయిల్ మంజూరైంది. చదివినవాళ్లు ఆ మనిషి ఆ సాయంత్రమే ఇంటికి చేరుకున్నాడనుకుంటారు. ఆస్తిపాస్తులున్నవాడి విషయంలో అది చాలావరకు నిజమే. లేనివాడికి మాత్రం అసలు తిప్పలు అప్పుడే మొదలవుతాయి. ఆ ఇద్దరూ ఎవరు, వాళ్ల పేరున ఏముంది, దానికి కాగితం ఏది, ఆ కాగితం ఇచ్చిన అధికారి ఎవరు అన్న ప్రశ్నలన్నీ తీరితేనే విడుదల ఉత్తర్వు జైలుకు వెళ్తుంది. తీరకపోతే బెయిల్ వచ్చిన మనిషి రిమాండ్ ఖైదీగానే మిగిలిపోతాడు. ఇదేమీ ఎక్కడో ఒకచోట అరుదుగా జరిగే సంగతి కాదు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, చిన్న కేసుల్లో ఏళ్లతరబడి జైళ్లలో మగ్గుతున్న పేదల ప్రస్తావన తెచ్చారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు లెక్కలు తెప్పించింది. బెయిల్ వచ్చి కూడా బయటికి రాలేకపోయినవాళ్లు దేశంలో సుమారు 5,000 మంది ఉన్నట్టు తేలింది. న్యాయసేవల సంస్థలు కదిలాక వారిలో 1,417 మంది బయటపడ్డారు.

నిందితుడు వాయిదాకు తిరిగొస్తాడా రాడా అని తేల్చుకోవడానికి మన కోర్టులు మరొకరి ఆస్తి కాగితాన్ని కొలమానంగా పెట్టుకున్నాయి. చట్టం ఆ కొలమానాన్ని అడగలేదు. పైగా ఏలూరు ప్రాంతంలో జంగారెడ్డిగూడెం నుంచి కొల్లేరు దాకా, చేతిలో భూమి ఉన్నా దాన్ని అమ్ముకోకుండా చట్టమే కట్టడి చేసిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అలాంటి చోట ఈ కొలమానం మనిషిని కొలవదు. అతని కులమూ ఊరూ ఏ భూచట్టం కింద పడ్డాయో కొలుస్తుంది.

స్టేషన్ నుంచి జైలు దాకా

2024 జులై 1 నుంచి అరెస్టు, రిమాండ్, బెయిల్ అన్నీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నడుస్తున్నాయి. పాత సీఆర్‌పీసీ సెక్షన్ల అంకెలు మారాయి గానీ మెట్లు దాదాపు అవే. ఏడేళ్ల వరకూ శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అవసరమని రాతపూర్వకంగా కారణం చూపితేనే అరెస్టు చేయాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పాత సెక్షన్ అంకెతో ఆ నోటీసు జనం నోట్లో నేటికీ 41ఏ నోటీసే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈ గడువు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. కేసు బెయిలబుల్ అయితే బెయిల్ నిందితుడి హక్కు. పోలీసులే ఇచ్చి పంపవచ్చు, దాన్నే స్టేషన్ బెయిల్ అంటారు. నాన్ బెయిలబుల్ అయితే మేజిస్ట్రేటు రిమాండ్ విధిస్తారు, మనిషి సబ్‌జైలుకో ఏలూరు జిల్లా జైలుకో చేరతాడు. అక్కడ రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలు రాసుకుంటారు. ఒంటి మీది వస్తువులు జాబితా వేసి దాచిపెడతారు, వైద్య పరీక్ష చేయిస్తారు. ఇక అక్కణ్నుంచి ప్లీడరు బెయిల్ పిటిషను వేయడం, ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పడం, జడ్జి నిర్ణయించడం.

బెయిల్ ఇచ్చేటప్పుడు జడ్జి రెండు రకాల హామీ కోరవచ్చు. నిందితుడు తనంతట తానే రాసిచ్చేది సొంత బాండు: వాయిదాకు రాకపోతే ఇంత సొమ్ము చెల్లిస్తాను అన్న మాట. రెండోది బెయిల్ బాండు, అందులో నిందితుడితోపాటు జామీనుదారులు కూడా అంతే మొత్తానికి కట్టుబడతారు. ఎవరూ ముందుగా డబ్బు కట్టరు. నిందితుడు ఎగ్గొడితే కోర్టు బాండును జప్తు చేసి, సొమ్ము కట్టండి లేదా ఎందుకు కట్టనక్కర్లేదో చెప్పండి అని జామీనుదారులకు నోటీసు ఇస్తుంది. కట్టకపోతే జరిమానా మాదిరిగా వసూలు చేస్తుంది, అదీ కుదరకపోతే ఆర్నెల్ల వరకూ సివిల్ జైలుకు పంపే అధికారమూ ఉంది. అందుకే జామీనుదారు ఆ సొమ్ముకు తూగుతాడా అని చూడటం మొదలైంది. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ నకలు, ఇంటి పన్ను రసీదు, ఉద్యోగి అయితే జీతం ధ్రువపత్రం, కొన్నిచోట్ల తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ అడగడం అలవాటైంది. పదివేల బాండుకు లక్షలు చేసే ఎకరం కాగితం కావలసి వస్తోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

అమెరికాలో ఇదే అవసరాన్ని వ్యాపారం తీరుస్తుంది. కోర్టు అడిగిన మొత్తంలో సాధారణంగా పదో వంతు తీసుకుని బెయిల్ బాండ్ కంపెనీలు మిగతాదానికి పూచీపడతాయి. ఆ పదో వంతు నిర్దోషిగా తేలినా తిరిగి రాదు. ఇలాంటి వ్యాపారాన్ని చట్టం ఒప్పుకునే దేశాలు అమెరికా, ఫిలిప్పీన్స్ తప్ప దాదాపు లేవు. అమెరికాలోనూ ఇలినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుంచి నగదు బెయిల్‌ను పూర్తిగా ఎత్తేసింది. అక్కడ పేదవాడికి తాళం డబ్బు, ఇక్కడ భూమి కాగితం. మన దగ్గర కంపెనీలు లేవని సంతోషించడానికి పెద్దగా ఏమీ లేదు. కోర్టు ఆవరణల్లో రుసుముకు పూచీపడే మనుషులు తయారవడం కొత్త సంగతి కాదు.

చట్టం అడిగింది ఏమిటి?

నాగరిక్ సురక్షా సంహితలో పాసుపుస్తకం మాట ఎక్కడా లేదు. జామీనుదారు తగినవాడై ఉండాలన్నది 485వ సెక్షన్. అది తేల్చుకోవడానికి ప్రమాణపత్రం చాలనుకుంటే కోర్టు దాన్నే అంగీకరించవచ్చని, అవసరమైతే విచారణ జరపవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతుంది. బాండు మొత్తం అతిగా ఉండకూడదన్నది 484వ సెక్షన్. బెయిలబుల్ కేసుల్లో అయితే చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. జామీను ఇచ్చుకోలేని నిరుపేదను సొంత బాండు మీదే వదిలిపెట్టాలి, అరెస్టయిన వారంలోగా జామీను తేలేకపోతే అతను నిరుపేదే అని భావించాలి. 2005 నాటి సవరణతో వచ్చిన ఈ నియమం ఇప్పుడు 478వ సెక్షన్లో ఉంది. 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు తన మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే అతణ్ని బాండు మీద వదలాలి. కొత్త చట్టం నిర్వచనాల్లో బాండు అంటే జామీనుదారు లేని హామీ. అంటే ఇలాంటివాళ్లను జామీను అడగకుండానే పంపాలని పార్లమెంటే రాసింది. ఛార్జిషీటు 60 లేదా 90 రోజుల్లో రాకపోతే దక్కే బెయిల్‌కు ఈ వెసులుబాటు లేదు, అక్కడ మళ్లీ జామీను కావాలి. ఆ హక్కు కూడా కాగితం దగ్గరే ఆగిపోతోంది.

సుప్రీంకోర్టు ఈ మాటలు నిన్నో మొన్నో చెప్పినవి కావు. 1977 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ బెయిల్‌ను స్వేచ్ఛ, న్యాయం, ప్రజాభద్రత, ఖజానా మీద భారం అన్న నాలుగూ కలిసిన ప్రశ్నగా చూడాలన్నారు. మరుసటి ఏడాది మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీమేస్త్రి కేసు వచ్చింది. మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగారు. మేస్త్రి తన సోదరుణ్ని తెచ్చుకుంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. కృష్ణయ్యర్ దాన్ని కొట్టేసి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఆ తీర్పులోనే ఆయన, బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పహల్గాంలోనో అరెస్టయిన తెలుగువాడు అక్కడ ఆస్తులున్న జామీనుదారుల్ని ఎక్కణ్నుంచి తెస్తాడని నిలదీశారు. 1979లో బీహార్ జైళ్ల గురించిన హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఏం చూడాలో వరుసగా చెప్పారు: ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, పని ఏమిటి, కుటుంబం ఎవరు, పేరు ఎలాంటిది, పాత కేసులున్నాయా, అతని గురించి చెప్పగల బాధ్యతగల మనుషులెవరు. ఈ వరుసలో భూమి లేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి, నెలలోపు జామీను రాకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే ఆలోచన చేయవచ్చు, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం జాప్యానికి ఒక కారణం కాబట్టి ఆ షరతు పెట్టకపోవచ్చు అని చెప్పింది.

అమ్మరాని భూమి

ఇంత స్పష్టంగా ఉన్నా అలవాటు ఎందుకు మారలేదన్నదానికి దేశమంతటా ఒకే జవాబు ఉండకపోవచ్చు. అది మారకపోవడం వల్ల ఎవరు నష్టపోతున్నారో మాత్రం ఈ ప్రాంతం చక్కగా చూపిస్తుంది. జంగారెడ్డిగూడెం దాటి ఉత్తరానికి వెళ్తే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుకునూరు, వేలేరుపాడు మండలాల ఏజెన్సీ గ్రామాలు. కోయలు, కొండరెడ్లు ఉండే ఊళ్లు. ఇక్కడ 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ అమలులో ఉన్నాయి. జనం దాన్ని 1/70 చట్టం అంటారు. షెడ్యూలు ప్రాంతపు భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లడానికి వీల్లేదు. గిరిజనుడి రక్షణకు అది అవసరమైన చట్టమే. అటవీ హక్కుల చట్టం, 2006 కింద వచ్చిన పోడు పట్టాలయితే వారసులకు దక్కుతాయి గానీ అమ్మకానికీ బదిలీకీ పనికిరావు. రేపు బాండు జప్తయితే వేలం వేసి సొమ్ము రాబట్టగలిగిన ఆస్తి ఏది అని లెక్కించే కోర్టు ముందు ఈ కాగితాలకు బలం తక్కువ. గిరిజనుణ్ని కాపాడటానికి ఒక చట్టం కట్టిన గోడ, అదే గిరిజనుణ్ని విడిపించడానికి అడ్డుగా నిలుస్తోంది.

మైదానానికి దిగితే మరో రూపం. దళిత కుటుంబాలకు ప్రభుత్వం పంచిన డి పట్టా భూములను అమ్మకూడదని 1977 చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు నిండినవాటికి 2023 సవరణ సడలింపు తెచ్చినా అన్ని పట్టాలకూ అది వర్తించదు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరిచేలల్లో సేద్యం చేసే చేయి చాలాచోట్ల కౌలుదారుది, పాసుపుస్తకం మాత్రం భూస్వామిది. పంట సాగుదారు హక్కుల చట్టం, 2019 కింద వచ్చే కార్డు రుణానికి, పరిహారానికి ఆసరా అవుతుందే తప్ప భూమిపై హక్కునివ్వదు. కొల్లేరులో 1999 నాటి జీవో 120తో అయిదో కాంటూరు దాకా సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2005-06లో చెరువుగట్లు తెగ్గొట్టాక లంక గ్రామాల వడ్డీ కులస్థుల్లో ఎంతోమందికి మిగిలింది మత్స్యకార సొసైటీ సభ్యత్వం, చేపల వేట. సొసైటీ భూమి ఒక మనిషి పూచీకి పనికిరాదు. పోలవరం ముంపు గ్రామాల వాళ్లది ఇంకో తీరు. కుకునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడి నుంచి కదిలినవాళ్లు తాడువాయి లాంటి పునరావాస కాలనీల్లో కొత్తగా ఊరు కట్టుకుంటున్నారు. వాళ్లకు పూచీపడగల బంధువులు ఎందరో రాష్ట్ర సరిహద్దు అవతల, అశ్వారావుపేట వైపో భద్రాచలం వైపో ఉన్నారు. 2014 జూన్ 2 నుంచి అలాంటి బంధువు ఇతర రాష్ట్రపు మనిషి. మోతీరాం సోదరుడికి ఎదురైన అభ్యంతరమే ఇక్కడ అతనికీ ఎదురుకావచ్చు.

ఇక భూమి కాగితమే లేని కూలీల సంగతి. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరుస మరణాలు శాసనసభను కుదిపాయి. నాటుసారా వల్లేనని ప్రతిపక్షం, సహజ మరణాలేనని ప్రభుత్వం వాదించాయి. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, సారా బట్టీల మీద దాడులు జరిగినప్పుడు ముందుగా చిక్కేది కాచేవాడు, మోసేవాడు. పెట్టుబడి పెట్టినవాడికి జామీనుదారులు దొరకడం కష్టం కాదు. పొగాకు బ్యారన్ల దగ్గర, పామాయిల్ తోటల్లో కూలికి వచ్చిన మనిషికి ఇద్దరు పాసుపుస్తకం గలవాళ్లు దొరకాలంటే తన యజమానినే అడగాలి. అప్పుడు పూచీ న్యాయప్రక్రియలో భాగంగా మిగలదు, కూలీ మెడకు చుట్టుకునే మరో అప్పవుతుంది.

ఎదురు వాదనలు

మొదటి అభ్యంతరం సహజమైనదే: జామీను లేకుండా వదిలేస్తే పారిపోరా? పారిపోయేవాళ్లు ఉంటారు. అయితే పారిపోకుండా ఆపుతున్నది జామీనుదారు ఎకరమా అన్నది చూడాలి. ఏళ్ల తర్వాత నోటీసు వచ్చి, కోర్టు దయతలిస్తే కొంత మాఫీ అయ్యే పదివేల బాండు ఎవరినీ అంతగా భయపెట్టదు. ఇల్లు, పిల్లల బడి, రేషన్ కార్డు, పని, ఊళ్లో పరువు మనిషిని కట్టిపడేస్తాయి. న్యూయార్క్‌లో 1961లో మొదలైన మన్‌హటన్ బెయిల్ ప్రాజెక్టు సరిగ్గా వీటినే అడిగి, బలమైన బంధాలున్నవాళ్లను డబ్బు లేకుండా వదలమని జడ్జీలకు సిఫారసు చేసింది. అలా విడుదలైనవాళ్లలో దాదాపు అందరూ వాయిదాలకు వచ్చారు, ఆ అనుభవమే 1966 నాటి అమెరికా బెయిల్ సంస్కరణ చట్టానికి దారితీసింది. మన దగ్గర ఎగ్గొట్టినవాడికి నాన్ బెయిలబుల్ వారెంట్ ఉంది, బెయిల్ రద్దు ఉంది. భారతీయ న్యాయసంహిత 269వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుశిక్ష కూడా ఉంది. బెదిరింపు సరిపోదనడానికి వీల్లేదు.

రెండో వాదన: కాగితాలు అడగకపోతే దొంగ పూచీలు పెరుగుతాయి. ఇందులో కారణం, ఫలితం తారుమారయ్యాయి. నిందితుణ్ని ఎరిగిన అన్నకో, పక్కింటివాడికో పాసుపుస్తకం లేదని పక్కనపెడితే మిగిలేది అతణ్ని ఎరగని, కాగితం మాత్రం ఉన్న మనిషి. డబ్బుకు పూచీపడే వృత్తి అక్కడే మొలుస్తుంది. ఎన్ని కేసుల్లో జామీను నిలబడ్డాడో జామీనుదారు ప్రకటించాలని 486వ సెక్షన్ అడుగుతున్నది ఈ బెడద వల్లే. 2024 ఆగస్టులో గిరీష్ గాంధీ కేసులో, ఒకే మనిషి మీద వేర్వేరు రాష్ట్రాల్లో ఎన్నో కేసులుంటే ప్రతిదానికీ వేర్వేరు జామీనుదారుల్ని తెమ్మనడం తగదని సుప్రీంకోర్టు చెప్పింది. పూచీకి నిలబడేది సాధారణంగా దగ్గరి బంధువో చిరకాల మిత్రుడో అవుతారని కూడా గుర్తుచేసింది. దగ్గరితనం అడుగుతూ ఆస్తిని లెక్కపెడితే రెండూ దక్కవు.

మూడోది బాధితుల మాట. ఫిర్యాదు చేసిన ఆడమనిషి ఇంటిముందుకే నిందితుడు తిరిగొస్తే ఆమె గతేమిటి? చాలా గట్టి ప్రశ్న ఇది. దానికి జవాబు బెయిల్ ఇవ్వాలా వద్దా అన్న దశలోనే చెప్పాలి. ఆ ఊళ్లో అడుగుపెట్టకూడదు, సాక్షుల జోలికి పోకూడదు, వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలి అన్న షరతులు విధించవచ్చు. ముప్పు నిజమైతే బెయిల్ నిరాకరించవచ్చు. బయట ఉంటే ప్రమాదం లేదని జడ్జి తేల్చాక కాగితం లేదని లోపలే ఉంచితే బాధితురాలికి ఒరిగేది లేదు. అదే నేరం చేసిన పాసుపుస్తకం గలవాడు ఆమె వీధిలోనే తిరుగుతుంటాడు.

నాలుగో వాదన కొత్తది: పేద ఖైదీల కోసం కేంద్రం పథకమే పెట్టింది కదా. నిజమే. 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఈ పథకం కింద బెయిల్ సొమ్ము చెల్లించలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకూ సాయం అందించవచ్చని తొలి మార్గదర్శకాలు చెప్పాయి. కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి వంటివారితో జిల్లా కమిటీ ఉంటుంది. అయితే ఈ పథకం ఇచ్చేది నగదు, మన కోర్టులు అడిగేది కాగితాలు పట్టుకొచ్చే ఇద్దరు మనుషులు. జామీను బదులు డబ్బు డిపాజిట్‌కు అనుమతించే అధికారం 490వ సెక్షన్లో కోర్టుకు ఉంది. ఉత్తర్వులో ఆ ప్రత్యామ్నాయం రాయకపోతే ఖజానాలో ఎంత సొమ్ము మూలుగుతున్నా ఖైదీకి అక్కరకు రాదు.

ఇక చేయదగిన పని

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నూటికి 75.8 మంది. వీరందరూ జామీను లేకనే ఉన్నవాళ్లు కారు, బెయిల్ దక్కని తీవ్రమైన కేసులవాళ్లూ ఉన్నారు. అయినా కాగితం లేక మిగిలిపోయినవాళ్ల సంఖ్యను తగ్గించడం రేపు ఉదయం కోర్టు కూర్చున్నప్పటి నుంచే సాధ్యం. సొంత బాండును మొదటి ప్రత్యామ్నాయంగా, జామీనును కారణం రాసి అడిగే రెండో మెట్టుగా మార్చాలి. జామీను అవసరమైన చోట ఉత్తర్వులోనే నగదు డిపాజిట్‌ను కూడా రాయాలి. పోడు పట్టా, డి పట్టా, కౌలు కార్డు, మత్స్యకార సొసైటీ సభ్యత్వం వంటివాటిని ఆస్తి విలువకు కాకుండా మనిషి నివాసానికీ జీవనోపాధికీ రుజువుగా తీసుకోవాలి, మిగతాది ప్రమాణపత్రంతో సరిపెట్టుకోవాలి. సరిహద్దు అవతలి బంధువు పూచీని తెలంగాణవాడన్న ఒక్క కారణంతో కాదనకూడదు. ఏడో రోజు సమాచారం జైలు నుంచి న్యాయసేవాధికార సంస్థకు వెళ్తోందా లేదా అన్నది జిల్లా జడ్జి నెలనెలా చూసుకోవాలి.

ఈ వివరాలన్నీ ఎవరు సేకరిస్తారన్న ప్రశ్నకు జవాబు ఊళ్లోనే ఉంది. 2019 నుంచి ప్రతి గ్రామానికీ సచివాలయం అందుబాటులో ఉంది, వీఆర్వోకు ఇంటింటి గుట్టూ తెలుసు, న్యాయసేవాధికార సంస్థలకు పారాలీగల్ వాలంటీర్లు ఉన్నారు. ఎన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాడు, ఎవరితో ఉంటున్నాడు, ఏ పని చేస్తున్నాడు, ఇంతకుముందు వాయిదాలు ఎగ్గొట్టాడా అన్న నాలుగు ప్రశ్నలకు ఒక పేజీ నివేదిక చాలు. సాల్వెన్సీ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే రోజులకంటే దీనికి తక్కువ సమయం పడుతుంది, వాయిదాకు రాకతో దీనికి సంబంధం కూడా ఎక్కువ. ప్రభుత్వం తాను ఇచ్చిన పట్టా మీదే అమ్మరాదని షరతు రాసింది. ఆ షరతుకు పట్టా అందుకున్న పేదవాడు కట్టుబడి ఉన్నాడు. అమ్ముడుపోదు కాబట్టి ఆ పట్టా పూచీకి చాలదని అదే రాజ్యానికి చెందిన కోర్టు అంటే, ఆ లోటును పూడ్చాల్సిన బాధ్యత రాజ్యానిదే. జైల్లో ఉన్నవాడు తన రోజులతో దాన్ని పూడ్చనక్కర్లేదు.